ఫండమెంటలిస్ట్ అంటే అసలు ఎవరు? ఒక పేరు తిట్టుగా మారిన తీరు

క్లుప్తంగా: ఫండమెంటలిస్ట్ అనేది 1920లో అమెరికా బాప్టిస్టులు కొందరు తమకు తామే పెట్టుకున్న పేరు, అప్పట్లో దానికి తేల్చి చెప్పగలిగిన అర్థం ఉండేది. వందేళ్ళలో ఆ అర్థం జారిపోయింది, ఇప్పుడు చాలా చర్చల్లో అది ఎదుటివాళ్ళ నమ్మకం గురించి ఏమీ చెప్పదు, నాకంటే గట్టిగా నమ్ముతున్నారు అని మాత్రమే చెప్తుంది. తెలుగులోకి వచ్చేసరికి ఛాందసవాది, మతోన్మాది అనే మాటలతో కలిసిపోయి గందరగోళం ఇంకా పెరిగింది.

ఒకే మాట, నలుగురు మనుషులు

నలుగురిని ఊహించుకుందాం. ఒకాయన యేసు ఒక్కడే రక్షణ మార్గం అని నమ్ముతాడు, కానీ పక్కింటివాళ్ళు పండక్కి పిలిస్తే వెళ్ళి భోంచేసి వస్తాడు, ఎవరితోనూ పేచీ లేదు. ఒకావిడ నగలు పెట్టుకోదు, ముసుగు వేసుకోకుండా ప్రార్థన చెయ్యదు, సినిమాకి పోదు. మూడో ఆయన వేరే సంఘం వాళ్ళ కూటాల్లో అడుగు పెట్టడు, అక్కడ బోధ కలుషితమైపోయిందని ఆయన నమ్మకం. నాలుగో ఆయన దేశంలో చట్టాలు కూడా బైబిల్ ప్రకారమే ఉండాలంటాడు.

క్రైస్తవుల మధ్య జరిగే వాదనల్లో ఈ నలుగురికీ పడే పేరు ఒకటే, ఫండమెంటలిస్ట్. మొదటాయనది సిద్ధాంతం, రెండో ఆవిడది జీవన విధానం, మూడో ఆయనది సంఘాల మధ్య సంబంధాల విషయం, నాలుగో ఆయనది రాజకీయం. ఒకదాంట్లో గట్టిగా ఉన్నవాళ్ళు రెండోదాంట్లో కూడా గట్టిగా ఉండాలని రూలేం లేదు. మొదటాయనకి నాలుగో ఆయన మాటలు అస్సలు నచ్చకపోవచ్చు. కానీ ఒకే పేరు తగిలించాక నాలుగో ఆయన మాట్లాడినదానికి మొదటాయన జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

పేరు పెట్టుకున్నవాళ్ళు ఏమనుకున్నారు

ముందు కొన్ని పుస్తకాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో యూనియన్ ఆయిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన లైమన్ స్టూవర్ట్, ఆయన సోదరుడు మిల్టన్ కలిసి డబ్బు పెట్టి 1910 నుంచి 1915 మధ్య ది ఫండమెంటల్స్ అనే 12 సంపుటాలు వేయించారు. మొత్తం 90 వ్యాసాలు, దాదాపు 30 లక్షల కాపీలు, పాస్టర్లకి మిషనరీలకి వేదాంత విద్యార్థులకి సండేస్కూల్ నడిపేవాళ్ళకి ఉచితంగా పోస్టులో పంపారు. అదే 1910లో అమెరికాలో ప్రెస్బిటేరియన్లు అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్ళ అత్యున్నత సభ, జనరల్ అసెంబ్లీ, పాస్టర్ కావాలనుకునేవాళ్ళు ఒప్పుకోవాల్సిన ఐదు విషయాలు ప్రకటించింది: బైబిల్లో తప్పుల్లేవు, యేసు కన్యక గర్భాన పుట్టాడు, మన బదులు సిలువ మీద శిక్ష భరించాడు, శరీరంతోనే తిరిగి లేచాడు, ఆయన చేసిన అద్భుతాలు నిజంగా జరిగాయి. ఆ రోజుల్లో జర్మన్ యూనివర్సిటీల నుంచి వచ్చిన బైబిల్ విమర్శ (బైబిల్‌ని కూడా మిగతా పాత గ్రంథాల్లాగే పరిశీలించే పద్ధతి), డార్విన్ సిద్ధాంతం, ఈ రెండిటి ప్రభావంతో పాస్టర్లని తయారుచేసే సెమినరీల్లో ఈ విషయాలన్నీ కొత్తగా వ్యాఖ్యానిస్తున్నారు, దానికి ఎదురు నిలబడాలనే ఇదంతా.

పేరు మాత్రం 1920లో పుట్టింది. బఫెలోలో నార్తర్న్ బాప్టిస్ట్ కన్వెన్షన్ సమావేశాలు అయిపోయాక, వాచ్‌మన్ ఎగ్జామినర్ అనే బాప్టిస్ట్ పత్రిక సంపాదకుడు కర్టిస్ లీ లాస్ ఒక కొత్త మాట ప్రతిపాదించాడు. కన్సర్వేటివ్ అనే పేరు ఆయనకి నచ్చలేదు, అది మార్పు అంటేనే పడనివాళ్ళు అన్నట్టు వినిపిస్తుందని. ప్రీమిలీనియలిస్ట్ అంటే మరీ ఇరుకు, క్రీస్తు రాకడ గురించిన ఒక్క అభిప్రాయానికే పరిమితం. అందుకని మూల సత్యాలని పట్టుకుని ఉండి వాటికోసం పోరాడటానికి సిద్ధంగా ఉన్నవాళ్ళని ఫండమెంటలిస్టులు అందాం అన్నాడు. అంటే ఇది శత్రువులు పెట్టిన పేరు కాదు, ఆలోచించి వేరే పేర్లు పక్కన పెట్టి మరీ ఎంచుకున్నది. ఇందులో రెండు ముక్కలున్నాయి, నమ్మడం ఒకటి, దానికోసం పోరాడటం రెండోది. రెండో ముక్క కూడా ఉంటేనే ఆ పేరు సరిపోయేది, ఉట్టి నమ్మకం ఒక్కటే చాలదు.

ఇది తెలుగువాళ్ళకి సంబంధం లేని కథేం కాదు. నెల్లూరు, ఒంగోలుల్లో తెలుగు మిషన్ నడిపిన అమెరికన్ బాప్టిస్ట్ ఫారిన్ మిషన్ సొసైటీ ఈ నార్తర్న్ బాప్టిస్టులదే. ఫండమెంటలిస్టుల ఫిర్యాదుల్లో పెద్దది కూడా విదేశీ మిషన్ల గురించే, నమ్మకం సడలినవాళ్ళని కూడా మిషనరీలుగా పంపుతున్నారు అని. ఆ గొడవ రెండు దశాబ్దాలకి పైగా నలిగి, 1943లో కన్సర్వేటివ్ బాప్టిస్ట్ ఫారిన్ మిషన్ సొసైటీ విడిగా ఏర్పడింది. కాకినాడ వైపు పనిచేసిన కెనడా బాప్టిస్టుల్లో కూడా అదే చీలిక, టొరంటోలో టి.టి. షీల్డ్స్ అనే పాస్టర్ నాయకత్వంలో, 1920ల చివర్లో. గోదావరి, గుండ్లకమ్మ తీరాల్లో ఉన్న సంఘాలకి డబ్బు, మనుషులు ఎక్కడినుంచి వస్తారో అక్కడే ఈ మాట మీద యుద్ధం జరిగింది అన్నమాట.

ఆ పుస్తకాల్లో రాసినవాళ్ళు ఇప్పుడైతే ఆ లేబుల్‌కి సరిపోరు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది తెలియకుండా తడబడేది ఇక్కడే. ది ఫండమెంటల్స్‌లో వ్యాసాలు రాసిన జేమ్స్ ఓర్ స్కాట్లాండ్ వేదాంత పండితుడు. బైబిల్ దైవప్రేరేపితం అని గట్టిగా నమ్మాడు కానీ ప్రతి చిన్న వివరంలో కూడా పొరపాటు ఉండటానికి వీల్లేదు అనే వాదాన్ని ఒప్పుకోలేదు, పరిణామ సిద్ధాంతాన్ని కూడా కొంతవరకు ఒప్పుకున్నాడు. బైబిల్లో తప్పుల్లేవు అనే సిద్ధాంతానికి ఆ కాలంలో పెద్ద వకీలు అనదగ్గ బి.బి. వార్‌ఫీల్డ్ కూడా ఆ సంపుటాల్లో రాశాడు, పరిణామం దేవుడు వాడిన పద్ధతి అయ్యుండొచ్చు అనడానికి ఆయనకి పెద్ద అభ్యంతరం లేదు.

భూమి వయసు ఆరేడు వేల ఏళ్ళే, సృష్టి ఆరు ఇరవైనాలుగు గంటల రోజుల్లో జరిగింది అనేది ఇప్పుడు ఫండమెంటలిజానికి గుర్తు అనుకుంటారు. అది అమెరికా సువార్త సంఘాల్లో విస్తారంగా పాకింది 1961లో ది జెనెసిస్ ఫ్లడ్ అనే పుస్తకం వచ్చాకే. 1910లో ఆ గుర్తు పెట్టి కొలిస్తే ఆ 12 సంపుటాలు రాసినవాళ్ళలో చాలామంది బయటికి పోతారు.

ఇంకొకటి, తెలుగు పాఠకులకి ఆశ్చర్యంగా అనిపించేది. మన దగ్గర ఫండమెంటలిస్ట్ అనగానే చాలామందికి పెంతెకొస్తు సంఘాలే గుర్తొస్తాయి, భాషలతో ప్రార్థనలు, స్వస్థత కూటాలు, తెల్ల బట్టలు. కానీ విలియం బెల్ రైలీ అనే బాప్టిస్ట్ పాస్టర్ 1919లో మొదలుపెట్టిన వరల్డ్ క్రిస్టియన్ ఫండమెంటల్స్ అసోసియేషన్ 1928లో పెంతెకొస్తు ఉద్యమాన్ని తప్పుపడుతూ తీర్మానమే చేసింది, వాళ్ళు మాలో కలవరు అని. అంటే అసలు ఫండమెంటలిస్టులు బయటికి తోసినవాళ్ళకే ఇప్పుడు ఆ పేరు పడుతోంది.

పేరు చేతులు మారిన మూడేళ్ళు

1922 మే 21న న్యూయార్క్ ఫస్ట్ ప్రెస్బిటేరియన్ చర్చిలో హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ అనే లిబరల్ బోధకుడు ఒక ప్రసంగం చేశాడు, ఫండమెంటలిస్టులు గెలుస్తారా అనే అర్థం వచ్చే శీర్షికతో. ఆయన వాదన సహనం గురించి, వేర్వేరు అభిప్రాయాలవాళ్ళు ఒకే సంఘంలో ఉండొచ్చు అని. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో ఆ ప్రసంగం అచ్చేసి లక్షకి పైగా కాపీలు దేశమంతా పంచారు. స్టూవర్ట్ చమురు డబ్బుతో ఒకవైపు, రాక్‌ఫెల్లర్ చమురు డబ్బుతో ఇంకోవైపు, రెండు పక్షాలూ పోస్టాఫీసునే నమ్ముకున్నాయి. ఈ ప్రసంగంతో ఫండమెంటలిస్ట్ అంటే సహనం లేనివాడు అనే అర్థం జనంలోకి బాగా ఎక్కింది.

ఆ తర్వాత 1925 జూలై, టెనెసీలో డేటన్ అనే చిన్న ఊరు. బళ్ళో పరిణామ సిద్ధాంతం చెప్పాడని జాన్ స్కోప్స్ అనే కుర్ర టీచర్ మీద కేసు. ప్రాసిక్యూషన్ తరఫున విలియం జెన్నింగ్స్ బ్రయాన్, డిఫెన్స్ తరఫున క్లారెన్స్ డారో. షికాగో రేడియోలో లైవ్ వచ్చింది, బాల్టిమోర్ పత్రికకి రాసిన హెచ్.ఎల్. మెంకెన్ ఆ ఊరివాళ్ళని పల్లెటూరి మూర్ఖులుగా చిత్రించాడు. స్కోప్స్‌కి 100 డాలర్లు జరిమానా పడింది, రెండేళ్ళ తర్వాత పై కోర్టు సాంకేతిక కారణంతో అది కొట్టేసింది. కోర్టులో గెలిచిన పక్షం పత్రికల్లో చిత్తుగా ఓడిపోయింది. అక్కణ్ణుంచి ఫండమెంటలిస్ట్ అంటే చదువులేనివాడు, సైన్స్ అంటే పడనివాడు, పల్లెటూరివాడు అనే బొమ్మ స్థిరపడిపోయింది.

కానీ ఆ బొమ్మ బ్రయాన్‌కే సరిపోదు. మూడుసార్లు డెమోక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసినవాడు, విదేశాంగ మంత్రిగా చేసి యుద్ధం వైపు పోతున్నారని 1915లో రాజీనామా చేసినవాడు, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం, ఆదాయపు పన్ను కోసం, రైతుల కోసం మాట్లాడినవాడు. ఇప్పటి లెక్కలో చాలావరకు వామపక్షం వైపు మనిషి. సాక్షి బోనులో డారో నిలదీసినప్పుడు సృష్టి రోజులు ఇరవైనాలుగు గంటలవే అని తాను అనుకోవట్లేదని ఒప్పుకున్నాడు కూడా. అయినా చరిత్రలో ఆయనకి మిగిలింది ఆ ఒక్క లేబులే.

లోపలివాళ్ళే వద్దనుకున్నప్పుడు

ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జె. గ్రెషమ్ మేచెన్‌ని అందరూ ఫండమెంటలిస్టుల మేధావి అనేవాళ్ళు. ఆయనకే ఆ పేరు ఇష్టం లేదు. తన నమ్మకం శతాబ్దాల నాటి సంస్కరణవాద క్రైస్తవం, దాన్ని నిన్న మొన్న పుట్టిన ఇజం లాగా చూపిస్తున్నారని బాధపడేవాడు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది, ఎందుకంటే పునరుత్థానం నమ్మడానికి 1920 దాకా ఆగాల్సిన పని లేదు, రోమన్ కాథలిక్కులు, ఆర్థడాక్స్ వాళ్ళు, లూథరన్లు అందరూ నమ్మేదే. ఆ ఐదు విషయాల్లో కన్యక గర్భాన పుట్టడం, తిరిగి లేవడం ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో చదివే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘస్తులని ఎవరూ ఫండమెంటలిస్టులు అనరు కదా.

1942లో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇవాంజెలికల్స్ ఏర్పడింది, 1947లో ఫుల్లర్ సెమినరీ వచ్చింది. వీళ్ళు సిద్ధాంతం అలాగే ఉంచుకుని, అందరితో తెగదెంపులు చేసుకునే పద్ధతి మాత్రం వదిలేద్దాం అన్నారు, ఇవాంజెలికల్ అనే పేరు తీసుకున్నారు. 1957లో పేరుమోసిన సువార్తికుడు బిల్లీ గ్రాహమ్ న్యూయార్క్ కూటాలకి లిబరల్ సంఘాల (పాత సిద్ధాంతాలని కొత్తగా వ్యాఖ్యానించేవాళ్ళ) సహకారం కూడా తీసుకోవడంతో బాబ్ జోన్స్, జాన్ ఆర్. రైస్ లాంటి బోధకులు ఆయన్నుంచి విడిపోయారు. ఆ తర్వాత అమెరికాలో ఫండమెంటలిస్ట్ అంటే ఖచ్చితమైన అర్థం ఒకటి వచ్చింది: ఇవాంజెలికల్ నమ్మకాలు, దానికి తోడు ఆ నమ్మకాలు లేనివాళ్ళతో, వాళ్ళతో కలిసి పనిచేసేవాళ్ళతో కూడా కలవకపోవడం. ఈ అర్థంలో వాడితే అది తిట్టు కాదు, బాబ్ జోన్స్ లాంటివాళ్ళు దాన్ని గర్వంగానే చెప్పుకున్నారు.

ఇంగ్లండ్‌లో కథ వేరే. అక్కడ ఆ పేరు పెట్టుకున్న ఉద్యమం పెద్దగా లేదు, అయినా 1950ల్లో బిల్లీ గ్రాహమ్ లండన్ కూటాల తర్వాత ఆంగ్లికన్ సువార్తికుల మీద ఆ పేరు విసరడం మొదలైంది. ఆంగ్లికన్ వేదాంత పండితుడు జె.ఐ. ప్యాకర్ 1958లో దానిమీద ఒక పుస్తకమే రాశాడు, ఈ మాట మా నమ్మకాన్ని వర్ణించట్లేదు, చర్చ మొదలవ్వకముందే తీర్పు ఇచ్చేస్తోంది అని. 1977లో జేమ్స్ బార్ అనే పాత నిబంధన పండితుడు దానికి ఎదురు వాదన చేశాడు. ఆయన మాట ప్రకారం పేరు వద్దన్నంత మాత్రాన ఆలోచనా విధానం మారదు. పైగా ఆయన ఒక లోతైన సంగతి పట్టుకున్నాడు, ఫండమెంటలిస్టులు బైబిల్‌ని అక్షరాలా చదువుతారు అనేది తప్పు, వాళ్ళ అసలు పట్టు బైబిల్లో పొరపాటు ఉండకూడదు అనేదాని మీద, దాన్ని కాపాడటానికి అవసరమైనచోట అక్షరార్థం వదిలేసి వేరే అర్థం కూడా తీసుకుంటారు అని. సృష్టి రోజుల గురించి బ్రయాన్ బోనులో చెప్పింది దీనికి ఉదాహరణే.

ప్యాకర్‌తో ఏకీభవించినా బార్‌తో ఏకీభవించినా ఇద్దరి మధ్యా జరిగింది నిజమైన చర్చ. బార్ తిట్టి వదిలెయ్యలేదు, ఆ మాటకి అర్థం చెప్పి, ఆ అర్థం ఎలా సరిపోతుందో వందల పేజీల్లో చూపించడానికి ప్రయత్నించాడు. లేబుల్ వాడటానికి చెల్లించాల్సిన ధర అది.

1979 తర్వాత

1979లో రెండు జరిగాయి. ఇరాన్‌లో విప్లవం వచ్చింది, అమెరికాలో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థ పెట్టాడు. ఇరాన్ గురించి రాయడానికి విలేకరులకి చేతికందిన మాట ఫండమెంటలిస్ట్, అప్పణ్ణుంచి ఇస్లాంకి, తర్వాత యూదు, హిందూ, సిక్కు ఉద్యమాలకి కూడా అదే పేరు. షికాగో యూనివర్సిటీలో మార్టిన్ మార్టీ, స్కాట్ యాపిల్‌బీ నడిపిన పెద్ద పరిశోధన 1991 నుంచి 1995 దాకా ఐదు సంపుటాలుగా వచ్చింది, అన్ని మతాల్లోనూ ఆధునికతకి ఎదురు తిరిగే ఉద్యమాల పోలికలు వెతికింది. పోలికలు లేకపోలేదు. కానీ దానివల్ల ఒక నష్టం కూడా జరిగింది, టీవీలో తుపాకీ పట్టుకున్నవాడికీ ఆదివారం బళ్ళో పిల్లలకి వాక్యం కంఠతా పెట్టించే టీచరమ్మకీ ఒకే పేరు వచ్చేసింది, మాట వినగానే మొదటి బొమ్మే కళ్ళముందుకొస్తుంది.

అసోసియేటెడ్ ప్రెస్ తన విలేకరులకి ఇచ్చే శైలి పుస్తకంలో ఈ మాటకి తిట్టు ఛాయ వచ్చేసిందని, ఒక గుంపు తనంతట తాను పెట్టుకుంటే తప్ప మామూలుగా వాడొద్దని రాసింది. తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 2000లో వచ్చిన తన పుస్తకంలో ఇంకా సూటిగా చెప్పాడు, ఈ మాటకి అర్థం మాట్లాడేవాడు ఎక్కడ నిలబడ్డాడనేదాన్ని బట్టి మారుతూ ఉంటుందని. ఇక్కడ, అక్కడ, నిన్న, రేపు అనే మాటల్లాగా అన్నమాట, చెప్పేవాడు కదిలితే అర్థం కూడా కదులుతుంది.

అటువైపు నుంచి కూడా

ఇదంతా చదివి సంప్రదాయవాదులే బాధితులు అనుకోకూడదు, వాళ్ళ చేతిలో కూడా ఇలాంటి మాటలు బోలెడు: లిబరల్, దుర్బోధకుడు, నామకార్థ క్రైస్తవుడు, లోకస్తుడు. 1924లో ప్రెస్బిటేరియన్ పాస్టర్లు 1,274 మంది ఆబర్న్ అఫర్మేషన్ అనే ప్రకటన మీద సంతకం పెట్టారు. యేసు దైవత్వం, పునరుత్థానం, ప్రాయశ్చిత్తం మేం నమ్ముతాం, కానీ వాటిని వివరించడానికి ఉన్న ఒకానొక సిద్ధాంతాన్ని పాస్టర్లందరికీ పరీక్షగా పెట్టే అధికారం అసెంబ్లీకి లేదు అని అందులో ఉంది. అందులో బైబిల్లో తప్పుల్లేవు అనే మాటని మాత్రం నేరుగానే కాదన్నారు. దాన్ని విమర్శించడానికి మేచెన్ లాంటివాళ్ళకి గట్టి కారణాలే ఉన్నాయి, కానీ సంతకం పెట్టిన అందరినీ ఒకే గాటన కట్టి అవిశ్వాసులు అనేయడం మాత్రం ఆ ప్రకటన చదివినవాళ్ళు చేసే పని కాదు. అలా అన్నవాళ్ళు అధికారం గురించిన ప్రశ్నని విశ్వాసం గురించిన ప్రశ్నగా మార్చేశారు.

పరిసయ్యుడు అనే మాటకీ ఇదే గతి, యేసు కాలంలో ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించిన యూదు వర్గం పేరు అది. క్రమశిక్షణ అడిగిన ప్రతివాడూ పరిసయ్యుడే అయిపోతున్నాడు. సువార్తల్లో యేసు తప్పుపట్టింది వేషధారణని, ఆజ్ఞలని జాగ్రత్తగా పాటించడాన్ని కాదు. నగలు పెట్టుకోని ఆవిడ పెట్టుకున్నవాళ్ళకి రక్షణ లేదంటే అప్పుడు ఆమెతో వాదించాల్సిన విషయం ఉంది. ఊరికే పెట్టుకోకపోతే వాదించడానికేమీ లేదు.

సంఘాల్లో దీని ఫలితం ఎలా ఉంటుందంటే, ఆదికాండం గురించి డౌటు అడిగిన ఇంటర్ కుర్రాడికి లిబరల్ అని పేరు పడుతుంది, వాడు ఇంక అడగడు. శుక్రవారం ఉపవాసం మానని నాయనమ్మకి ఛాందసం అని పేరు పడుతుంది, ఆవిడ ఎందుకు ఉంటోందో చెప్పడం మానేస్తుంది. ఇద్దరి దగ్గరా రెండోవాళ్ళు వినాల్సింది ఉంది.

ఛాందసం అనే మాట

తెలుగు పత్రికల్లో ఫండమెంటలిజానికి ఎక్కువగా కనిపించే అనువాదం మత ఛాందసవాదం. ఆ మాట చరిత్ర కూడా ఇలాంటిదే. ఛందస్సు అంటే వేదం అనే అర్థం ఉంది, ఛాందసుడు అంటే వేదం చదువుకున్నవాడు. గౌరవంగా అన్న మాటే కాలక్రమంలో లోకజ్ఞానం లేనివాడు, పాత పద్ధతులు పట్టుకు వేళ్ళాడేవాడు అనే అర్థానికి జారింది. అలా అప్పటికే వెటకారం అంటుకున్న మాటని తెచ్చి ఇంకో మతంలో ఇంకో గొడవలో పుట్టిన పేరుకి అనువాదంగా పెట్టారు. 1920లో బఫెలో సమావేశాల తర్వాత లాస్ తనకి పెట్టుకున్న పేరుని తెలుగులో ఛాందసవాది అని రాస్తే, ఒకాయన తనని తాను వెర్రివాడు అని పిలుచుకున్నట్టు ఉంటుంది.

మతోన్మాది అనేది ఇంకా బరువైన మాట. అందులో ఉన్మాదం ఉంది, అంటే పిచ్చి, దానివెనక హింస వాసన. దాన్ని ఫండమెంటలిస్ట్‌కి బదులుగా వాడితే ఒక సిద్ధాంతం నమ్మినవాణ్ణి నేరం చేసినవాడి పక్కన నిలబెట్టినట్టే. క్రైస్తవులు తక్కువగా ఉన్నచోట, మతం పేరుతో పోలీస్ ఫిర్యాదులు నడిచేచోట, క్రైస్తవులే ఒకరినొకరు ఈ మాట అనుకోవడం ఇంకా ప్రమాదం, రేపు బయటివాళ్ళు అదే మాటని వాళ్ళ సాక్ష్యంగానే చూపించొచ్చు.

మౌలికవాదం అనే అనువాదం కూడా అక్కడక్కడా కనిపిస్తుంది, మూలానికి అదే దగ్గర, కానీ జనం నోట్లో అంతగా నలగలేదు. కాబట్టి రాసేవాళ్ళకి పనికొచ్చే పద్ధతి ఇదీ. రైలీ, షీల్డ్స్, బాబ్ జోన్స్ లాంటివాళ్ళ గురించైతే ఫండమెంటలిస్ట్ అని తెలుగు లిపిలో అలాగే రాసెయ్యొచ్చు, అది వాళ్ళు పెట్టుకున్న పేరే. మిగతా అందరి విషయంలో ఆ పేరు తీసేసి దాని బదులు ఒక పూర్తి వాక్యం రాయాలి: ఆదికాండంలో ఆరు రోజులు మామూలు రోజులే అని నమ్ముతాడు, లేదా వేరే సంఘాల కూటాలకి తన సంఘస్తులని పోనివ్వడు, లేదా ఇతర మతాలవాళ్ళ గుళ్ళ గురించి నీచంగా మాట్లాడాడు. ఈ మూడు వాక్యాల్లో మొదటిదానికి వాక్యం చూపించి జవాబు చెప్పాలి, రెండోదానికి సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడాలి, మూడోదానికి ఆయన క్షమాపణ చెప్పాలి.